గాల్వే ఎండ

గాల్వే,
జూన్ 17, 2025, మంగళవారం.

అమ్మకు,

నీ కూతురు వర్షిత వందనాలు చెప్పి రాసుకుంటున్న ఉత్తరం. నేనిక్కడ వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను, ఉద్యోగానికి మానకుండా వెళ్తున్నాను. దేవుడి దయవల్ల నువ్వూ నాన్నా బాగున్నారని, నాన్న మోకాలి నొప్పి నువ్వు రుద్దే నూనెకు కాస్తయినా లొంగిందని తలుస్తాను. చేతిలో ఫోను పెట్టుకుని ఈ పిల్ల ఉత్తరం రాయడమేమిటని నాన్న ఈపాటికి అడిగే ఉంటాడు. కవరు మీద ఐర్లాండు స్టాంపు ఉంటే చించకుండా తీసి ఆయనకు ఇవ్వు.

ఫోనులో నాకు మాట్లాడే వీలు నువ్వు ఇవ్వడం లేదమ్మా. ఎత్తగానే కెమెరా పెట్టమంటావు. కెమెరా పాడైందంటే బాగు చేయించుకోమంటావు. నెట్టు సరిగా లేదంటే మెట్ల దగ్గర కూర్చోమంటావు. మొన్న ఆదివారం అయితే తిన్నావా అని కూడా అడగలేదు, మొహం చూపించు ముందు అన్నావు. అందుకే కాగితం తీశాను. కాగితాన్ని లైటు దగ్గరకు జరగమనీ, చెంప ఇటు తిప్పమనీ అనలేవు కదా.

ఈ గొడవంతా ఉగాది ఫోటోతో మొదలైందని నాకు తెలుసు. ఇక్కడి తెలుగువాళ్ళు హాలు దొరికాక మే నెలలో ఆ పండగ చేస్తే పులిహోర కోసం వెళ్ళాను. నాతో ఒకే గదిలో ఉండే చాందిని ఫోటో తీసి నలుగురూ చూసేలా ఫేస్‌బుక్‌లో పెట్టింది. మేనత్త దాన్ని పెద్దది చేసి చూసి, ఐర్లాండు వెళ్ళి నల్లబడినదాన్ని నిన్నే చూశానని రాసింది. చలిదేశానికి పోతే తెల్లగా వస్తారని మనవాళ్ళందరికీ ఒక నమ్మకం. నేను వాళ్ళ నమ్మకాన్ని పాడు చేశాను. అత్త మాటకు నేను నవ్వి ఊరుకున్నాను, నువ్వు మాత్రం ఊరుకోలేదు. చర్మరోగాల వార్డులో ఇన్నేళ్ళు నర్సుగా పనిచేసిన మనిషివి, కూతురి రంగు మారితే ఊరుకోవని నేను ముందే అనుకోవలసింది.

కాబట్టి జరిగింది రాస్తాను, చదివి నిమ్మళంగా ఉండు. చలికాలంలో నాకు మొహం నిండా మొటిమలు వచ్చాయి. ఇక్కడ జీపీ అంటారు, మన వీధి డాక్టరు లాంటావిడ, ఆవిడ చూసి డాక్సీసైక్లిన్ మాత్రలు రాసింది. కొన్ని నెలలు వాడాలి. ఆ మాత్ర వేసుకున్నన్నాళ్ళు చర్మం ఎండకు ఓర్చుకోదు. మామూలు మనిషికి ఏమీ చేయని ఎండ నన్ను కాలుస్తుంది, కాలినచోట నలుపు దిగుతుంది. నీకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు. మందుల షాపులో డబ్బా మీద కూడా ఎండకు దూరంగా ఉండమని చీటీ అంటించి ఇచ్చారు. అది చదివి నాకు నవ్వొచ్చింది. పాలకొండలో మే నెలలో చెప్పుల్లేకుండా కొళాయి దగ్గరకు పరిగెత్తిన పిల్లను, గాల్వేలో ఎండకు భయపడమంటే నవ్వు రాదా.

ఆ నవ్వుకు శాస్తి ఏప్రిల్‌లో జరిగింది. ఇక్కడ ఊరి చివర సముద్రం ఒడ్డున సాల్ట్‌హిల్ అని నడిచే దారి ఉంది. ఆ రోజు ఆకాశం నిండా మబ్బు. గాలికి చెవులు నొప్పి పుట్టేంత చలి. మన లెక్కలో చెమట పడితేనే ఎండ, ఒళ్ళు చల్లగా ఉంటే ఎండ లేనట్టే కదా. చాందినీ నేనూ బెంచీ మీద కూర్చుని, ఉప్పూ వెనిగరూ చల్లిన చిప్స్ తింటూ మధ్యాహ్నమంతా గడిపేశాం. చేతులకు జిడ్డు అంటుతుందని స్వెట్టరు చేతులు పైకి మడుచుకున్నాను. ఇంటికొచ్చేసరికి మొహం, మెడ వెనక, మోచేతుల కింద అంతా పచ్చిమిరపకాయలు నూరి పూసినట్టు మంట. మర్నాటికి ఎర్రగా పొంగింది, తర్వాత తోలు ఊడింది, ఊడినచోట ఇదివరకటికన్నా నలుపెక్కింది. పక్కనే అంతసేపూ కూర్చున్న చాందినికి మాత్రం ఏమీ కాలేదు. మబ్బు ఎండను ఆపదని, వేడికీ కాల్చే గుణానికీ సంబంధం లేదని అప్పుడు తెలిసింది.

మందుల షాపు ఆవిడ నన్ను చూసి తిట్టలేదు. కూర్చోబెట్టి చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఎండను ఆపే, యాభై నంబరున్న క్రీము, మొహానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండుకుని రాయాలట. నేను కుంకుమబొట్టంత తీసి మొహమంతా సరిపెడుతున్నానని చెబితే తల పట్టుకుంది. చెవులు, మెడ వెనక, చేతుల పైభాగం, పాదాలు, పెదాలు, అందరూ మరిచిపోయేవి ఇవేనట. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. క్రీము రాశాం కదా అని ఎండలో తిరగకూడదు, నీడా పొడుగుచేతుల చొక్కా అంచున్న టోపీ ముందు, క్రీము ఆ తర్వాత. చివర్న ఒక మాట చెప్పింది, అది విన్నాక నాకు ఏడుపొచ్చింది. కిటికీ అద్దం కూడా పూర్తిగా ఆపదట. గదిలో కూర్చున్నా కిటికీ పక్కన కూర్చోవద్దంది.

మా గదిలో కిటికీ తప్ప ఏముందమ్మా. రెండు మంచాలు, మధ్యన జానెడు సందు, పడమటి గోడంతా కిటికీ. ఆ వెలుతురు చూసే గది తీసుకున్నాం. చలికాలంలో నాలుగింటికే చీకటి పడి ప్రాణం తీసిన ఊరు ఇది, ఇప్పుడు రాత్రి పదింటికి కూడా వెలుగు పోదు. ఊరంతా దానికోసమే ఏడాది పొడవునా కాచుకుంటుంది. కాస్త మబ్బు విడితే చాలు, పచ్చిక కనబడినచోటల్లా పడుకుంటారు. నేను ఆ వేళకు మందపాటి నల్ల పరదా లాగి, దాని అంచులు గోడకు టేపుతో అంటించి, లైటు వేసుకుని కూర్చుంటాను. చాందినిది నిజామాబాదు. పాపం మంచి పిల్ల, మొదట్లో ఏమీ అనలేదు. మొన్న మాత్రం టేపు పీకి పారేసి, "జైల్ల ఉన్నట్టున్నదే నాకు, నువ్వొక్కదానివి వేసుకునే గోలీలకు ఇద్దరం చీకట్ల చావాల్నా?" అంది. తప్పు ఆమెది కాదు. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు మళ్ళీ టేపు అంటించాను.

వేరే గది చూసుకోమంటావేమో. ఈ ఊళ్ళో గది దొరకడం ఉద్యోగం దొరకడంకన్నా కష్టం. లీజు మా ఇద్దరి పేర్లమీదా ఉంది, మధ్యలో ఒకరు కదిలితే రెండోవాళ్ళూ వీధిన పడతారు. కాబట్టి ఇద్దరమూ ఒకరినొకరు ఓర్చుకుంటున్నాం.

నాకు హాయిగా ఉండే చోటు ఒక్కటే, మా కంపెనీలో క్లీన్‌రూమ్. గుండెలోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే గది అది. కిటికీలుండవు. లోపలికి వెళ్ళేవాళ్ళం తలనుంచి పాదాలదాకా తెల్లటి తొడుగులు వేసుకోవాలి, మాస్కు కట్టుకోవాలి, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. అక్కడ నల్లవాళ్ళం తెల్లవాళ్ళం అందరం ఒకేలా ఉంటాం. ఎవరూ నా మొహంకేసి చూడరు. భోజనం వేళ అందరూ బయట బల్లల దగ్గరకు పరిగెడితే నేను క్యాంటీను మూలన గోడవైపు తిరిగి తింటాను. మా సూపర్‌వైజరు షినేడ్ ఎర్రజుట్టు మనిషి, ఒళ్ళంతా చిన్నచిన్న మచ్చలు. ఆమెకు నేను ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. పుట్టినప్పటినుంచీ ఎండకు దాక్కునే బతుకుతున్నానని చెప్పి, తన బీరువాలోంచి ఒక టోపీ తెచ్చి నాకు పెట్టింది. విచిత్రం చూడు, తెల్లవాళ్ళకు నా కష్టం ఒక్క మాటతో అర్థమవుతోంది. మనవాళ్ళకే అర్థం కాదు. తెలుగువాళ్ళు ఎవరు కనబడినా మనకు సన్‌స్క్రీన్ ఎందుకే, మన తోలు గట్టిది కదా అంటారు. పైగా ఆ క్రీము నా మొహంమీద ఇంకదు, మసి పట్టిన గోడకు సున్నం కొట్టినట్టు బూడిదరంగుగా తేలుతుంది. తెల్లబడటానికి రాసుకుంటున్నానని చాటుగా నవ్వుకునేవాళ్ళూ ఉన్నారు.

గొడుగు వేసుకుని చూశాను. సముద్రపు గాలి దాన్ని రెండు రోజుల్లో తిరగేసి ఊచలు విరిచింది. ఒకరోజు బస్టాపులో పెద్దాయన ఒకడు ఆకాశంకేసి చూసి, నా గొడుగుకేసి చూసి, వాన వస్తుందని నీకేమైనా కబురొచ్చిందా అని అడిగాడు. ఎండకి అన్నాను. ఈ దేశంలో ఆ మాట వినడం ఇదే మొదటిసారి అన్నాడు. బస్సెక్కాక నేనూ నవ్వుకున్నాను.

నవ్వుతూ రాస్తున్నానని బాగున్నాననుకోకు. బాగోలేను. ఏడాదిలో ఊరు బతికేది ఈ రెండు మూడు నెలలే, అవి నేను టేపు అంటించిన పరదా వెనక గడుపుతున్నాను. బయట పిల్లలు అరుస్తుంటారు, ఎవరో గిటారు వాయిస్తుంటారు, అన్నీ వినబడతాయి. తలుపు తీస్తే వెలుతురు, తీయకపోతే నా ఊపిరి నాకే వినబడుతుంది. బయటికి పోతే చర్మం కాలుతుంది, లోపల ఉంటే మనసు కుంగుతుంది. మాత్ర మానేద్దామా అని కూడా అనిపించింది. మానలేదులే, మానను. మొదలుపెట్టిన మందు మధ్యలో ఆపినవాళ్ళను నువ్వు ఎలా తిడతావో వింటూ పెరిగినదాన్ని.

ఇంక అసలు సంగతి. ఆగస్టు చివర నీ రిటైర్‌మెంటు సభ. ఆసుపత్రివాళ్ళు షామియానా వేస్తున్నారని, పాత పేషెంట్లంతా వస్తున్నారని, నన్ను ముందు వరసలో కూర్చోబెడతావని నాన్న చెప్పాడు. నాకు రావాలని లేదనుకోకు. ఈ మాత్రలు వేసుకుంటూ ఆగస్టు ఎండలో మన ఊరు రావడం నావల్ల కాదమ్మా. ఇక్కడి మబ్బే నన్ను ఇలా చేస్తే అక్కడి ఎండ ఏం చేస్తుంది. సభ ఫోటోలు పంపు, ఒక్కొక్కటీ పదిసార్లు చూస్తాను.

ఇంకొకటి. ఐర్లాండు ఉత్తరపు కొసన ఉన్న లెటర్‌కెన్నీ నుంచి గురుమూర్తి డాక్టరుగారిని జులైలో నా దగ్గరకు పంపుతానన్నావు. దయచేసి ఆ పని చేయకు. కుర్ర డాక్టరుగా మన మిషన్ ఆసుపత్రిలో పనిచేసినప్పటినుంచీ నువ్వంటే ఆయనకు గౌరవమే, నువ్వడిగితే కాదనడు. కానీ పెద్దమనిషిని అంతదూరం కారు నడిపించి, మొటిమలు చూపించి పంపడం నాకు సిగ్గు. నువ్వు నన్ను నమ్మితే ఆయనకు ఫోను చేసి వద్దని చెప్పు.

నాన్నను మోకాలు మడిచి కింద కూర్చోవద్దను. నువ్వు వేళకు తిను.

ప్రేమతో, నీ ప్రార్థనలో చోటు అడుగుతూ,
నీ కూతురు
వర్షిత

తా.క. శనివారం సాయంత్రం.

పోస్టాఫీసుకు వెళ్ళడానికి వాన పడే రోజు కోసం చూస్తూ ఉత్తరం బల్లమీదే ఉంచాను. వారమంతా ఎండే కాసింది. ఈలోగా గురుమూర్తిగారు ఇవాళే వచ్చేశారు. గాల్వేలో ఏదో పని తగిలిందట, జులైదాకా ఎందుకని మా ఇంటి తలుపు కొట్టారు. చాందిని తీసింది. నేను టోపీ లేకుండా, క్రీము లేకుండా మెట్లు దిగి ఆయనకు ఎదురుపడ్డాను.

ఆయన ఒక్కసారి నా మొహంకేసి చూసి కూర్చున్నారు. టీ తాగారు, చాందినితో అద్దెల గురించి మాట్లాడారు. ఆమె బిస్కెట్లు తేవడానికి వంటింట్లోకి వెళ్ళాక మెల్లగా, "ఎన్నాళ్ళైందమ్మా మొదలుపెట్టి?" అన్నారు. ఫిబ్రవరిలో అన్నాను. అమ్మకు తెలుసా అని అడిగారు. తల అడ్డంగా ఊపాను. అప్పుడు ఆయన అన్న మాట ఇది.

"నేను చెప్పను. కానీ మీ అమ్మ, మార్తా సిస్టరు, అడిగితే అబద్ధం ఆడలేను. నువ్వే చెప్పు."

అమ్మా, ఇవి మొటిమల మాత్రలు కావు. కుష్ఠు మాత్రలు. నీ వార్డులో నువ్వు పంచే ఆ మూడు మందులే. నా రంగు ఎండవల్ల మారలేదు. మందువల్ల మారింది, ఎండ దాన్ని ముదరబెట్టింది. ఆ ఎర్రనలుపు నువ్వు ఎన్ని మొహాలమీద చూశావో నాకు తెలుసు. కెమెరా పెడితే ఒక్క చూపులో పోల్చుకుంటావని పెట్టలేదు. పైన రాసినదంతా చింపేద్దామనుకున్నాను. కానీ ఎండ గురించి రాసిన ప్రతి మాటా నిజం. మాత్ర పేరొక్కటే అబద్ధం.

చలికాలంలో మోచేతి కింద పాలిపోయిన మచ్చ కనబడింది. తామర అనుకున్నాను. ఒకరోజు వేడి మూకుడు సరిగ్గా అక్కడే తగిలింది, బొబ్బ లేచేదాకా నాకు తెలియలేదు. అప్పుడే నాకు అర్థమైంది, జీపీ దగ్గరకు ఆ తర్వాతే వెళ్ళాను. ఆసుపత్రిలో చర్మం ముక్క తీసి పరీక్ష చేశారు. అందరూ మర్యాదగా చూశారు. నావల్ల ఇప్పుడెవరికీ ప్రమాదం లేదని, ఉద్యోగం చేసుకోవచ్చని చెప్పారు. చాందినికి ఇంకా తెలియదు. తెలిస్తే ఉంటుందో, సామాను సర్దుకుంటుందో నాకు తెలియదు.

జబ్బంటే నాకు భయం లేదు, నీ కూతుర్ని. నాకు భయం నీ గురించి. నానమ్మ మనింట్లో మంచినీళ్ళు ముట్టకుండానే పోయింది. మేనత్త తన పిల్లల్ని మన గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. వాళ్ళందరికీ నువ్వు విసుగు లేకుండా ఒకే మాట చెప్పావు, ఇది అలా నా వెంట ఇంటికి నడిచి రాదని. ఎక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరని, ఎన్నో ఏళ్ళ కిందటి సంగతి అయ్యుండవచ్చని ఇక్కడి డాక్టరు అన్నాడు. అది నువ్వు పేషెంట్లకు చెప్పేదే. కానీ నా విషయంలో నువ్వే నమ్మవని, నీ చీర కొంగునే అనుమానిస్తావని నాకు తెలుసు. నీకు శాలువా కప్పే రోజున ఈ మొహంతో ముందు వరసలో కూర్చుంటే, నీ మాట అబద్ధమని మేనత్తకు చూపించడానికే వచ్చినట్టుంటుందనిపించింది. అందుకే రానన్నాను.

ఆ డాక్టరు ఇంట్లోవాళ్ళ గురించి అడిగాడు. అమ్మ నర్సు అన్నాను. ఏ వార్డు అన్నాడు. కాన్పుల వార్డు అన్నాను. బయటికొచ్చి బస్సులో కూర్చున్నాక, నానమ్మ చేసిన పనే నేనూ చేశానని తెలిసి తల ఎత్తలేకపోయాను. గురువారం మళ్ళీ రమ్మన్నారు. నీ వార్డు పేరు చెబుతాను. మీ ఇద్దరినీ కూడా ఒకసారి పరీక్ష చేయించుకోమంటారు, నాన్నకు నువ్వే నచ్చజెప్పు.

ఉత్తరం వస్తోందని, అది చేరేదాకా నన్నేమీ అడగవద్దని గురుమూర్తిగారు నీతో చెబుతానన్నారు. ఇది నీకు అందిన ఆదివారం ఫోను చెయ్యి. కెమెరా పెడతాను. ఆగస్టులో రమ్మంటే వస్తాను, వద్దంటే మానుకుంటాను, అది నువ్వే తేల్చు.

ఒక్కటి అడుగుతాను. వార్డుకు కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడిపోతే, నువ్వు వాళ్ళ ముందు ఎప్పుడూ కంటతడి పెట్టలేదు. ఎవరివల్ల వచ్చిందని ఎవరినీ అడగలేదు. లోపలికి రా, కూర్చో, చేతులు చూపించు అనేదానివి. అమ్మా, నన్ను చూడగానే నన్ను కన్నదానివని మరిచిపోయి, నాతో కూడా ఆ మాటే అను.